రెండు సేనల నడుమ

చిలుకూరు బాలాజీ గుడిలో ఓ పక్కగా నిలబడి చూస్తే తిరిగేవాళ్ళలో రెండు తెగలు కనిపిస్తాయి. కొందరు వేళ్ళు మడుచుకుంటూ నడుస్తారు. కొందరి చేతిలో ఒకటి నుంచి 108 దాకా అంకెలు వేసిన కాగితం ఉంటుంది, చుట్టు పూర్తి కాగానే ఒక అంకె కొట్టేస్తారు. వేళ్ళు మడిచేవాళ్ళు ఇంకా కోరిక తీరనివాళ్ళు, వాళ్ళవి 11 ప్రదక్షిణలు. కాగితం పట్టుకున్నవాళ్ళు కోరిక తీరి మొక్కు చెల్లించుకోవడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళవి 108. హైదరాబాదు శివార్లలో, ఉస్మాన్‌సాగర్‌కు దగ్గర్లో ఉన్న ఈ గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టిక్కెట్టు లేదు. ఇచ్చుకోవలసింది అడుగులే.

"వీసా బాలాజీ" అని పేరు పడింది కనక నవ్వేవాళ్ళకు కొదవ లేదు. దేవుణ్ణి కాన్సులేటు గుమాస్తాను చేశారని ఒక ఎకసెక్కం. అంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న గీతను పూజగదిలో పెట్టుకున్నవాళ్ళు, అదే ఫలం కోసం గుడి చుట్టూ లెక్కపెట్టుకుంటూ తిరగడమేమిటి? ఇందులో ఏదో ఒకటి అబద్ధం కావాలి కదా, గీతో, మొక్కో.

ఆ ప్రశ్నను తోసెయ్యడం తేలిక. కానీ తేల్చాలంటే ముందు ఆ తిరిగేవాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారో చూడాలి. ఒకడు పేపర్లు వేశాడు, మూడు నెలల నోటీస్ పీరియడ్ నడుస్తోంది, ఆఫర్ ఇచ్చిన కొత్త కంపెనీ ఉలకదు పలకదు. ఇంకొకడు బెంచ్ మీద ఉన్నాడు. జీతం వస్తోంది, పని లేదు, ఎప్పుడు పిలిచి "ఇక చాలు" అంటారో తెలీదు. మరొకావిడ కొడుకు అమెరికాలో ఉన్నాడు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, మించితే 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ చేతుల్లో పడాలి, లేదా వీసా తరగతి మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2022 చివర్లో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో అమెజాన్ 18 వేల మందిని, గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఎన్నో తెలుగు ఇళ్ళలో ఆ 60 రోజుల లెక్క మొదలైంది. పిల్లల బడి, ఇంటి అద్దె ఒప్పందం, కారు వాయిదా అన్నీ ఆ రెండు నెలల మీదే వేలాడాయి. గుంటూరులో అమ్మ వీడియో కాల్ చేస్తే "అంతా బాగానే ఉందమ్మా" అన్న జవాబు.

ఉద్యోగం పోవడానికి ఒక్క ఈమెయిలు చాలు. దొరకడానికీ ఒక్క ఈమెయిలే. ఆ రెంటి నడుమ ఉన్న కాలానికే పేరు లేదు. మనిషి నలిగేది అక్కడ.

గీత మొదలయ్యేది సరిగ్గా అలాంటి చోటే. రథాన్ని రెండు సేనల మధ్య నిలపమని అర్జునుడు అడుగుతాడు, కృష్ణుడు అక్కడే నిలుపుతాడు. రెండో అధ్యాయంలో కృష్ణుడు అసలు బోధ మొదలుపెట్టే ముందు సంజయుడు మళ్ళీ గుర్తుచేస్తాడు, ఇదంతా రెండు సేనల మధ్యే జరుగుతోందని. మూడుసార్లు అదే మాట. వ్యాసుడంతటివాడు ఊరికే మూడుసార్లు చెప్పడు. అటు బాణాలు పడటం లేదు, ఇటు ఇంటికి దారి లేదు. ఆ నడుమ ఒక మహావీరుడికి నోరెండిపోయింది, ఒళ్ళు వణికింది, చర్మం మంటలెత్తింది, గాండీవం చేతిలోంచి జారింది, తల తిరిగి నిలబడలేక రథంలో కూలబడ్డాడు. ఇవాళ ఎవరైనా ఈ లక్షణాలన్నీ ఏకరువు పెడితే డాక్టరు ముందు ఈసీజీ తీయిస్తాడు, తరవాత "ఈమధ్య ఆఫీసులో ఏమైనా జరిగిందా?" అని అడుగుతాడు.

ఇక్కడ ప్రవచనాల్లో చాలామంది గబగబా దాటేసే సంగతి ఒకటుంది. కూలబడిన అర్జునుడికి కృష్ణుడు మొట్టమొదట తత్వం చెప్పలేదు. మందలించాడు. ఇదేం పిరికితనం, నీలాంటివాడికి తగదు, లే అన్నాడు. రెండు శ్లోకాలు. అర్జునుడు లేవలేదు. పైగా తన బాధంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పి, యుద్ధం చెయ్యనని తేల్చేసి, నోరు మూసుకున్నాడు. సాక్షాత్తూ కృష్ణుడి మందలింపే పనిచెయ్యని చోట, టీమ్ లీడ్ ఇచ్చే ఉత్సాహ ప్రసంగం ఏపాటి పనిచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మందలింపు విఫలమయ్యాకే 18వ అధ్యాయం దాకా సంభాషణ నడిచింది. చివర్లో కూడా ఆజ్ఞ లేదు. చెప్పాల్సింది చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. ఆ పతనాన్ని సంప్రదాయం దాచిపెట్టనూ లేదు, మొదటి అధ్యాయానికి "అర్జున విషాద యోగం" అని పేరే పెట్టింది. విషాదం పక్కన యోగమన్న మాట చేర్చడానికి ధైర్యం కావాలి.

యోగవాసిష్ఠం ఇంకో అడుగు ముందుకెళ్ళింది. మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేసిన కథ అది. రాముడు ఇంకా కుర్రవాడు. చదువు అయింది, తీర్థయాత్రలు అయ్యాయి, రాజ్యభారం ఇంకా మీద పడలేదు. ఆ మధ్యలో అన్నం సయించదు, అలంకారం మీద ధ్యాస లేదు, ఎవరితోనూ పలకడు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని ఏడాదిలో పిల్లలు గది తలుపు వేసుకోవడం చూసిన తల్లిదండ్రులకు దశరథుడి కంగారు ఇట్టే అర్థమవుతుంది. నిండు సభ ఆ కుర్రవాడి నిస్పృహనంతా అడ్డు రాకుండా వింటుంది. విన్నాకే వసిష్ఠుడు నోరు విప్పుతాడు.

ఇంతటి ఓపిక ఉన్న గ్రంథంలోంచి మన ఆఫీసులు ఏరుకున్నది ఒక్కటే శ్లోకం, రెండో అధ్యాయంలో 47వది. శిక్షణ తరగతుల్లో అది వినిపించే తీరు చూస్తే, ఫలం అడక్కుండా పనిచెయ్యమని కృష్ణుడు యాజమాన్యం తరఫున చెప్పినట్టు ఉంటుంది. ఇంక్రిమెంటు గురించి నోరెత్తినవాడికి గీత గుర్తుచేస్తారు. నిజానికి ఆ శ్లోకం చెప్పేది పని మీదే నీకు అధికారం, ఫలం నీ చేతిలో లేదని. చేతిలో లేనిదాన్ని నెత్తిన మొయ్యొద్దని. బరువు దించుకోమన్న మాట అది. ఇంకాస్త పని ఎత్తుకోమన్న మాట కాదు.

కానీ శ్లోకాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. 1974లో న్యూయార్కు మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ "బర్నవుట్" అన్న మాటను వైద్య పరిభాషలోకి తెచ్చాడు. ఆయన ఎవర్ని చూసి ఆ మాట వాడాడో గమనించాలి. డబ్బు వెనక పరిగెత్తే వాల్‌స్ట్రీట్ మనుషుల్ని చూసి కాదు. పేదలకు, మత్తుమందులకు బానిసలైన కుర్రకారుకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్కులో జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకుల్ని చూసి. పగలంతా సొంత ప్రాక్టీసు, రాత్రి పొద్దుపోయేదాకా ఆ క్లినిక్కు చూసుకున్న ఆయన కూడా అలాగే కుప్పకూలాడు. ఫలం ఆశించనివాళ్ళే ముందు కాలిపోయారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే పరిస్థితిగా వర్ణించి మూడు గుర్తులు చెప్పింది: సత్తువంతా ఉడిగిపోవడం, పనిమీద మనసు విరిగిపోవడం, చేసేదేదీ ఫలించడంలేదనిపించడం. నిష్కామంగా చేసినా ఈ మూడూ పట్టుకోవచ్చు. కాబట్టి "ఫలాపేక్ష వదులుకో, అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ళు సగమే చెబుతున్నారు.

తక్కిన సగం ఈజిప్టు ఎడారిలోని క్రైస్తవ సన్యాసులకు తెలుసు. నాలుగో శతాబ్దంలో ఇవాగ్రియస్ అనే సన్యాసి మిట్టమధ్యాహ్నపు దయ్యం గురించి రాశాడు. అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టు ఉంటుంది. మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూస్తాడు, ఉన్న చోటు గిట్టదు, చేస్తున్న పని గిట్టదు, ఇంకోచోటికి పోతే బాగుండుననిపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బెంచ్ మీద ఉన్న ఏ ఉద్యోగిని అడిగినా ఈ దయ్యాన్ని గుర్తుపడతాడు. అదే ఎడారిలో ఆంథనీ అనే పెద్ద సన్యాసికి ఇదే పట్టినప్పుడు, ఎదురుగా తనలాంటి మనిషే కనిపించాడని కథ. కాసేపు కూర్చుని తాడు పేనుతాడు, లేచి ప్రార్థిస్తాడు, మళ్ళీ కూర్చుని తాడు పేనుతాడు. ఆ మనిషి రూపంలో వచ్చిన దేవదూత చేసిన బోధంతా అదే. సిద్ధాంతమేమీ లేదు, చేతికి ఒక పని, దానికో వంతు.

తాడు పేనడానికీ చిలుకూరు చుట్లకూ పెద్ద తేడా లేదు.

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్లు బతుకులో వచ్చే 43 మార్పులకు, ఏది మనిషిని ఎంత కుదిపేస్తుందో చూసి, మార్కులు వేశారు. పెళ్ళిని కొలబద్దగా పెట్టుకుని దానికి 50 ఇచ్చారు. జీవిత భాగస్వామి పోతే 100. ఉద్యోగంలోంచి తీసేస్తే 47. పదవీ విరమణ 45, వృత్తి మారడం 36, ఇల్లు మారడం 20. సెలవు మీద ఊరెళ్ళినా 13. అంకెలు ఆ దేశానివి, ఆ కాలానివి, మరీ పట్టుకు వేలాడక్కర్లేదు. అయినా ఒకటి గమ్మత్తు. ఉద్యోగం ఊడటం కన్నా పెళ్ళి బరువైన మార్పని లెక్క తేలింది. మరి పెళ్ళికొడుకులు రథంలో కూలబడటం లేదేం?

కూలబడనివ్వరు కనక. ముందు స్నాతకం చేసి బ్రహ్మచర్యానికి ముగింపు పలుకుతారు. కొన్ని కుటుంబాల్లో కాశీయాత్ర ఉంటుంది. గొడుగు, చేతికర్ర, పావుకోళ్ళతో పెళ్ళికొడుకు సన్యాసం పుచ్చుకుంటానని బయల్దేరుతాడు. బావమరిది ఎదురెళ్ళి బెల్లంముక్క పెట్టి, మా అక్కని చేసుకోమని బతిమాలి వెనక్కి తెస్తాడు. చుట్టాలందరికీ అది వినోదం. కానీ అందులో ఉన్న తెలివి చూడండి: ఈ పెళ్ళి నాకవసరమా అన్న గుబులు ప్రతి పెళ్ళికొడుకులోనూ ఉంటుందని ముందే ఒప్పుకుని, దాన్ని వీధిలో ఆడి చూపించి, బెల్లంతో తీర్మానం చేశారు. అమ్మాయి వైపు అప్పగింతలు. ఆ పూట ఏడవకపోతేనే వింత. ఏడుపుకు ఒక వేళ, ఒక పాట, చెయ్యి పట్టుకుని ఒప్పజెప్పడానికి ఒక మనిషి. ఫ్రెంచి పండితుడు ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో, ఏ సమాజంలోనైనా ఇలాంటి క్రతువులు మూడు మెట్లుగా నడుస్తాయని రాశాడు: పాతదాన్నుంచి విడదీయడం, మధ్యలో నిలపడం, కొత్తదాన్లో కలపడం. మన పెళ్ళిపెద్దలు ఆయన్ని చదవలేదు, చదవాల్సిన అవసరమూ రాలేదు.

అరవయ్యేళ్ళు నిండితే షష్టిపూర్తి. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 తెలుగు సంవత్సరాలూ ఒక చుట్టు తిరిగి పుట్టిన ఏడాది పేరే మళ్ళీ వస్తుంది. ముసలి దంపతులు పీటలెక్కుతారు, కలశజలంతో స్నానం, మళ్ళీ మంగళసూత్రధారణ, పక్కన మనవల కేరింతలు. 58కే రిటైరైపోయే రోజుల్లో ఇది విరమణ తరవాత రెండేళ్ళకు, చేతులు కట్టేసినట్టుండే కాలంలో వచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఇప్పుడు గుమాస్తాగారు షష్టిపూర్తి పీటల మీంచి లేచి, సోమవారం ఆఫీసుకు పోతారు. విరమణ రోజున శాలువా, దండ, గ్రూపు ఫోటో దక్కుతాయి. మర్నాటి పొద్దునకు ఏ క్రతువూ లేదు.

తీసేసిన ఉద్యోగికి శాలువా కూడా లేదు. పాస్‌వర్డు పనిచెయ్యకపోవడమే వీడ్కోలు. ఇంట్లో మనిషి పోతే పదిరోజుల మైల ఉంటుంది, ఎవరూ పనికి రమ్మనరు, వంట ఎవరో తెస్తారు. పదిహేనేళ్ళ ఉద్యోగం పోయినవాడికి ఒక్క పూట మైల లేదు. ఆ రాత్రే లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ సవరించుకోవాలి.

అందుకే కాబోలు, కార్తీకంలో తెలుగు ఊళ్ళన్నీ నల్లబట్టలతో నిండిపోతాయి. అయ్యప్ప దీక్షను భక్తిగానే చూస్తాం, చూడాలి కూడా. కానీ 41 రోజుల మండలంలో మనిషికి ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. గురుస్వామి చేత మాల పడగానే పేరు పోతుంది. సీనియర్ మేనేజరూ స్వామే, వాచ్‌మనూ స్వామే. కన్నబిడ్డ కూడా "స్వామీ" అనే పిలుస్తుంది. ఉద్యోగం ఉన్నవాడు, పోయినవాడు, ఇంకా రానివాడు ఒకే వరసలో కూర్చుని భిక్ష చేస్తారు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, కాళ్ళకు చెప్పులుండవు, నేలమీద చాప, సాయంత్రం శరణుఘోష. రోజుకు అంచులు వచ్చేస్తాయి. "ఏం చేస్తున్నారండీ?" అనే ప్రశ్నకు 41 రోజులపాటు సిగ్గుపడకుండా చెప్పగల జవాబు దొరుకుతుంది: మాల వేసుకున్నాను. పని లేనివాడికి ఆ ప్రశ్న ఎంత ముల్లో, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిన వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

ఒక మాట మాత్రం దాటెయ్యలేం. స్వామికి వేకువన నాలుగింటికి లేచి శుచిగా వంట చేసేదెవరు? చాలా ఇళ్ళలో ఆ ఇల్లాలే. ఆవిడకూ ఆఫీసుంటుంది, ఆవిడ మీదా లేఆఫ్ కత్తి వేలాడుతుండవచ్చు. ఆవిడకు 41 రోజుల విడిది ఎవరిచ్చారు?

ఈ దారినే ఇంకాస్త లోపలికి వెళితే సంప్రదాయం చీకటిగది వస్తుంది. భర్త పోవడం, హోమ్స్ లెక్కలో 100 మార్కుల మార్పు. దానికీ మనవాళ్ళు క్రతువు చేశారు. పదోరోజున గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, కొన్ని కులాల్లో తల గొరిగించడం. క్రతువన్నది ఉంటే చాలు, మనసు కుదుటపడుతుందని వాదించేవాళ్ళు ఈ గది ముందు ఆగి జవాబు చెప్పాలి. పెళ్ళిలో మధ్యకాలం మూడునాళ్ళ ముచ్చట. దీక్షలో 41 రోజులు, చివర మాల తీసేస్తారు. వితంతువును మధ్యలో నిలబెట్టి తలుపు బయట గడియ పెట్టారు. తిరిగి కలుపుకునే మూడో మెట్టే తీసేశారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన ఆ మెట్టు కట్టాడనుకోవచ్చు. ఊరు ఊరంతా వెలివేసి అల్లరి పెట్టిందంటే ఆ మెట్టంటే ఎంత భయమో!

కాబట్టి ఏ ఆచారాన్ని తూచాలన్నా అడగాల్సింది అది ప్రాచీనమా, శాస్త్రీయమా అని కాదు. అందులోంచి బయటికి దారి ఉందా? ఎన్నిరోజులకు?

దారి చూపించలేని సందర్భాలూ ఉంటాయి. వారాల తరబడి నిద్ర లేనివాడికి, బతకడమెందుకనిపించేవాడికి ప్రదక్షిణ చెప్పడం పాపం. వాడికి కావాల్సింది వైద్యుడు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. అర్జునుడికి కూడా పక్కన మనిషి ఉన్నాడు, ఒంటరిగా గీత చదువుకోలేదు.

ఇక మొదటి ఆక్షేపణ. ఫలం కోసం తిరగడం గీతకు విరుద్ధమా? కాగితం మీద విరుద్ధమే. కాళ్ళ కింద మాత్రం ఇంకోలా జరుగుతుంది. మొదటి చుట్టులో మనసంతా వీసా మీదే ఉంటుంది. నాలుగో చుట్టుకు ముందు నడిచే ముసలాయన మడమ తగలకుండా చూసుకోవాలి. ఏడో ఎనిమిదో గుర్తులేక వేలు మళ్ళీ మడవాలి. పదకొండయ్యేసరికి కోరింది దగ్గరపడిందో లేదో ఎవరికీ తెలీదు, ఓ పావుగంటో అరగంటో మాత్రం చేతిలో ఉన్న పని మీదే గడిచింది. 47వ శ్లోకం అడిగినదాంట్లో ఇది ఎన్నో వంతో పండితులు తేల్చుకోవాలి.

కోరిక తీరినవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. తీరకముందు 11, తీరాక 108, దాదాపు పదింతలు. హోమ్స్ జాబితాలో గొప్ప విజయం సాధించడానికి కూడా 28 మార్కులున్నాయి, అదీ మనిషిని కుదిపేదే కనక. వీసా స్టాంపు పడ్డవాడు వచ్చే వారం విమానం ఎక్కాలి. అమ్మను వదలాలి, తెలీని ఊళ్ళో తెలీని చలిలో దిగాలి. ఇవాళ మాత్రం ఎండకు కాలుతున్న బండల మీద, చెమటకు తడిసిన కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. 63 కొట్టాడో 64 కొట్టాడో అనుమానం వచ్చింది. పెన్ను నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. వెనకనుంచి వేళ్ళు మడుచుకుంటూ వస్తున్న అమ్మాయి భుజం తగిలి "సారీ అన్నా" అని దాటిపోయింది. అతను 63 అనే వేసుకుని మళ్ళీ నడిచాడు.